ఆరని అడుగు

మా సెర్రో లార్గో వైపు ఎవరినైనా ఆపి మర్యాదగా అందరూ దొన్ అని పిలిచే సెవేరో ఫగుండెస్ ఎలాంటివాడని అడగండి. ముందు ఆయన చెయ్యి గురించి చెబుతారు. కుంటే గుర్రాన్ని వారంలో పరుగెత్తించాడంటారు. ఆవు పుండును కంటితో చూడకుండానే మాన్పాడంటారు. ఆ తరువాత గొంతు తగ్గించి నా గురించి చెబుతారు. అది కూడా నా నోటితోనే చెప్పేస్తే ఓ పని అయిపోతుందని కూర్చున్నాను. నేను ఒరోస్మాన్ తెచేరాని, గుర్రాలకు నాడాలు కొట్టేవాణ్ణి. నాకు చుట్టూ తిప్పి చెప్పడం చేతకాదు. కోపం కూడా కాస్త ఎక్కువే.

దొన్ సెవేరో పన్నెండేళ్ళకే పశువుల మందలు తోలడానికి పోయాడు. గుర్రం మీదే తిని, గుర్రం మీదే కునికి, వానలో, మంచులో రోజుకు నాలుగైదు కోసులు నడిపించి మందను పట్నం చేర్చేవాళ్ళు. ఒక బేకరీ వీధి అమ్మాయి ఆయన కోసం రెండు మందల కాలం ఎదురుచూసింది. మూడో మంద తోలుకొచ్చేసరికి రొట్టెల కొట్టువాణ్ణి చేసేసుకుంది. "దాని తప్పేముందిరా? రొట్టె రోజూ వేడివేడిగా ఇంటికొస్తుంది. నేను ఏడాదికోసారి, అదీ బురద కాళ్ళతో" అని ఆయనే చెప్పి నవ్వేవాడు. తరువాత లారీలు వచ్చాయి. మందలు తోలేవాళ్ళ అవసరం తీరిపోయింది. ఒక పెద్ద ఎస్టేట్ వాళ్ళు వాగు పక్కన ఒంటిగది గుడిసె ఇచ్చి, కంచె చూసుకో, గొర్రెలు చూసుకో అన్నారు. అక్కడే ఉండిపోయాడు.

ఆయనకున్న సొంత ఆస్తి ఒక్కటే, చింగోలో. మా దగ్గర తిరిగే ఒక పిచ్చుక పేరది, పెట్టింది మాత్రం గుర్రానికి. మూడు రోజుల పిల్లగా ఉన్నప్పుడు దాని తల్లి కంచె దగ్గర పిడుగు పడి చచ్చిపోతే, ఈయన ఆవుపాలు సీసాలో పోసి పెంచాడు. మొదటి చలికాలమంతా అది ఆయన పొయ్యి పక్కనే పడుకుంది. అందుకేనేమో పెద్దదయ్యాక కూడా తాను గుర్రాన్నని దానికి పూర్తిగా తెలిసినట్టు లేదు. మా ఇంటికొస్తే వంటింటి కిటికీలో తల దూర్చి నా భార్య ఎల్బియా వేయించే రొట్టె కోసం చూసేది. "నీకంటే దీనికే మర్యాద తెలుసు, పెడితేగానీ తినదు" అనేది ఎల్బియా నాతో. పదిహేడేళ్ళు ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద, ఒకే వాన కింద బతికారు. కట్టెయ్యకుండా వదిలేసి వెళ్ళినా గంటల తరబడి అక్కడే నిలబడేది.

ఇక ఆయన చెయ్యి సంగతి. మా వైపు దాన్ని అడుగు తిరగెయ్యడం అంటాం. కుంటే జంతువును మెత్తటి నేల మీద నడిపిస్తారు. నొప్పి ఉన్న కాలి ముద్ర ఎక్కడ పడిందో చూసి, దాని చుట్టూ కత్తితో కోసి, గడ్డీ వేర్లతో సహా పెళ్లగా పైకి లేపి, బోర్లించి అదే గుంటలో పెడతారు. పెడుతూ పెదవుల లోపలే కొన్ని మాటలు అంటారు. ఆ పెళ్ల ఎండేకొద్దీ జబ్బు కూడా ఎండుతుంది. నియమాలు మూడు. పెళ్ల ఎండేదాకా గిట్టకు ఇనుము తగలకూడదు. ఎవరి జంతువుకు వాళ్ళ చెయ్యి పనిచెయ్యదు. అడుగు తిరగేస్తుంటే జంతువు సొంతదారు చూడకూడదు, వీపు తిప్పి నిలబడాలి. దీనికి ఆయన ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఎంత దూరమైనా చింగోలో మీద వచ్చి, పని చూసి, మాతే కషాయం రెండు గుక్కలు పీల్చి వెళ్ళిపోయేవాడు.

నేను నమ్మానా? పది రోజులు కదలకుండా నిలబెడితే సగం కుంటులు వాటంతటవే పోతాయి, పేరు మాత్రం పెళ్లకి వస్తుంది అనుకునేవాణ్ణి. పైకి ఎప్పుడూ అనలేదు. ఎందుకంటే ఆ మాటలు ఆయన నాకే ఇచ్చాడు. వాటిని గుడ్ ఫ్రైడే నాడే ఇవ్వాలి, జీవితంలో ఒక్కరికే ఇవ్వాలి. ఆ రోజు వాగు ఒడ్డుకు తీసుకెళ్ళి, "ఒరే పిల్లోడా, కొడుకుంటే వాడికిచ్చేవాణ్ణి. లేడు కదా. నువ్వున్నావు, ఏం చేస్తాం, దేవుడిచ్చిన దాంతో సర్దుకోవాలి" అన్నాడు. నాకప్పుడు నలభై నాలుగేళ్ళు. ఎగతాళిగానే అన్నాడు, కానీ మాటలు చెప్పేముందు టోపీ తీసేశాడు. అయిదు వాక్యాలు. అక్కడికక్కడే మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఎల్బియాకు కూడా చెప్పలేదు నేను, దాని నోట్లో నువ్వుగింజ నానదు.

అది జరిగిన ఏడేళ్ళకు, మా వైపు చలికాలమైన జూలైలో ఒక మంగళవారం పొద్దున, పాలబండివాడు మా వాకిట్లో ఆగాడు. "ఒరోస్మాన్! పెద్దాయన రమ్మంటున్నాడు. చింగోలో మూడు కాళ్ళ మీద నిలబడింది!" అని అరిచి వెళ్ళిపోయాడు.

వెళ్ళేసరికి అది గుడిసె ముందు నిలబడి ఉంది. ఎడమ ముందుకాలి కొన మాత్రం నేలకు ఆనీ ఆననట్టు పెట్టింది. గాయం లేదు, వాపు లేదు, గీత కూడా లేదు. చెవులు వెనక్కి వాల్చి చెమటలు కక్కుతోంది, ఆ చలిలో.

"నిన్న సాయంత్రం కంచె చూసొచ్చామురా. దారిలో తుళ్ళింది కూడా. తెల్లారి తలుపు తీస్తే ఇదీ వరస" అన్నాడు దొన్ సెవేరో. "దిష్టి గానీ కొట్టలేదు కదా?"

"దిష్టి కొడితే మొహానికి కొడుతుంది గానీ గిట్టకెందుకు కొడుతుంది, దొన్ సెవేరో!" అన్నాను, నవ్విద్దామని. నవ్వలేదు ఆయన.

గిట్ట పట్టుకుంటే వేడిగా తగిలింది. పైన నరం టకటకా కొట్టుకుంటోంది. పట్కారుతో అంచుల చుట్టూ నొక్కితే ఊరుకుంది. మధ్యలో మెత్తటి చోట నొక్కగానే నన్ను ఎత్తి పడేసినంత పని చేసింది.

"ఇక్కడేదో దిగింది. మెత్తటి చోట దిగింది పైన మూసుకుపోతుంది, కంటికి కనబడదు. కోసి చూడాలి. లోపల చీము పట్టకముందే కోసేద్దాం."

"ముందు అడుగు తిరగెయ్యి."

"అడుగు తరువాత తిరగేస్తాను. ముందు కోద్దాం."

"ఎప్పుడైనా అలా చేశామా? ముందు అడుగు. ఆ తరువాత అవసరమే ఉండదు." కాసేపు గుర్రం వైపే చూస్తూ, "దీనికి నా చెయ్యి పనికిరాదు. నీ చెయ్యే కావాలి. ఏడేళ్ళయింది నీకిచ్చి. ఒక్కసారన్నా అడిగానా?" అన్నాడు.

నాకు తెలుసు ఏం చెయ్యాలో. కత్తి నా నడుముకే ఉంది. కానీ ఆ మనిషి జీవితంలో నన్ను అడిగింది అదొక్కటే. పైగా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు గర్వంగా కూడా అనిపించింది. కొడుకును అడిగినట్టు అడిగాడు. సరేనన్నాను. గుర్రాన్ని వాగు ఒడ్డున నడిపించాం, పాపం నాలుగడుగులకే ఆగిపోయింది. ఆయన నియమం ప్రకారం వీపు తిప్పి నిలబడ్డాడు. నేను ముద్ర కోసి, లేపి, బోర్లించి పెట్టాను. అయిదు వాక్యాలూ అన్నాను. ఆయన చెప్పిన వరసలోనే, ఒక్క మాట కూడా వదలకుండా అన్నాను. నమ్మకం లేకపోయినా దొంగపని చెయ్యలేదు.

మధ్యాహ్నానికల్లా వాన అందుకుంది.

ఏం వానండీ అది! బుధవారం, గురువారం ఆగలేదు. వాన పడితే మా ఇళ్ళల్లో పిండి రొట్టెలు వేయిస్తారు. శుక్రవారానికి ఎల్బియాకు వేయించి వేయించి విసుగొచ్చింది, నాకు తిని తిని విసుగొచ్చింది. వాగు పొంగి, మేలో అనే మా పట్నానికి దారి తెగిపోయింది. నేను తడుచుకుంటూ గుడిసెకు వెళ్ళాను. చింగోలో కాలు మరీ ఎత్తేసింది. మేత ముట్టలేదు. వాగు ఒడ్డున, నీరు ఎక్కని మెరక మీద ఏం చేశాడో తెలుసా ముసలాయన? నాలుగు కర్రలు పాతి, తన గుడిసె కప్పు మీది రేకు ఒకటి ఊడదీసి, ఆ పెళ్ల మీద పందిరి వేశాడు. పక్కన మూకుడులో నిప్పులు పెట్టాడు. గుడిసెలో ఆయన మంచం మీద నీళ్ళు కారుతున్నాయి.

"దొన్ సెవేరో, చూడండి, కింద నుంచి నీరూరుతోంది. రేకు వేస్తే ఎండుతుందా అది? నన్ను కొయ్యనివ్వండి."

"ఎండుతుంది."

"ఎప్పుడు? క్రిస్మస్‌కా?"

"నలభై ఏళ్ళలో ఎండని పెళ్ల లేదురా. ఇప్పుడు ఇనుము తగిలించావంటే చేసిందంతా చెడుతుంది. వాన దానిదారిన అది ఆగుతుంది, నువ్వే ఆగవు."

"గుర్రం చస్తుందయ్యా!"

"నోర్ముయ్. దాని ముందు అనకు ఆ మాట."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకో దండం, మీ పెళ్లకో దండం" అని గుర్రమెక్కి వచ్చేశాను. ఆయన్ని పక్కకు నెట్టేసి కోసి ఉంటే ఏమయ్యేది? డెబ్భై ఏళ్ళ ముసలివాడు, నన్ను ఆపగలడా? తిట్టేవాడు, ఏడ్చేవాడు, అంతే కదా. నేనేం చేశానంటే, శనివారం, ఆదివారం అలిగి ఇంట్లో కూర్చున్నాను. ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ అరగలేదు.

ఆదివారం రాత్రి భోజనం దగ్గర ఎల్బియా పళ్ళెం టక్కున పెట్టి, "అలిగింది చాలు. ఆయనా ముసలాడు, అదా నోరు లేనిది. విషయం తెలిసినవాడివి నువ్వొక్కడివే, నువ్వొచ్చి ఇక్కడ మూతి ముడుచుక్కూర్చుంటే ఎలా?" అంది.

సోమవారం తెల్లవారుతూనే వెళ్ళాను. చింగోలో పడుకొని ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, వెనక్కి వాలిపోయినట్టు నిలబడింది. కుడి ముందుకాలు పట్టుకుని చూశాను. వారం రోజులుగా ఒంటి బరువంతా మోసిన కుడి గిట్ట కూడా నిప్పులా కాలుతోంది. బాగున్న కాలు పోయింది.

"కొయ్యి" అన్నాడు దొన్ సెవేరో.

"పెళ్ల..."

"కొయ్యమన్నాను కదరా!"

కోశాను. నల్లటి నీరు చిమ్మింది, కుళ్ళు వాసన. అడుగున, లోతుగా, ఎముకకు ఆనుకుని కంచె తీగ ముక్క ఉంది. చిటికెన వేలి రెండు కణుపులంత. అరచేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

ఎస్టేట్ ట్రాక్టరు వాగు దాటించి మేలో పట్నం నుంచి పశువుల డాక్టరమ్మను తెచ్చేసరికి బుధవారమైంది. చిన్న పిల్లే, కానీ పని తెలిసిన పిల్ల. గంటసేపు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. లేచి, "తాతా, ఎడమవైపు కీలంతా పాడైంది. కుడి గిట్టలో ఎముక కిందికి దిగిపోయింది. దీన్ని ఇంకా నిలబెట్టడం పాపం" అంది.

"మొదటి రోజే కోసి ఉంటేనో?" అని అడిగాడు ఆయన.

ఆ పిల్ల నా వైపు చూసింది. "చెప్పలేం తాతా" అంది. చెప్పగలదు. తనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఎల్బియా పంపిన రొట్టె నా జేబులో ఉంది. ఇచ్చాను. ఆయన చింగోలో తల ఒళ్ళోకి తీసుకుని, ముక్కలు చేసి పెట్టాడు. రెండు ముక్కలు తింది, మూడోది పెదవుల మీదే ఉండిపోయింది. సూది వేస్తున్నంతసేపూ దాని చెవిలో ఏదో చెబుతూనే ఉన్నాడు. తరువాత కూడా చాలాసేపు చెప్పాడు. నేను కంచె పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన ఏడవలేదు.

గురువారం ఎండ కాసింది. మా ఊళ్ళో అలాంటి ఎండ చలికాలంలో నెలకోసారి వస్తుంది. గాలి కూడా వీచింది. శనివారం నేను కొలిమి ముందు ఉండగా దోవ మీద ఒక మనిషి నడిచి వస్తూ కనిపించాడు. ముందు పోల్చుకోలేదు. ఆయన దోవ వెంట నడవగా నేనెప్పుడూ చూడలేదు మరి. రెండు కోసులు, ఆ వంకర కాళ్ళతో, నడుం వంచుకుని వచ్చాడు.

కూర్చోమన్నా కూర్చోలేదు. మాతే ఇస్తే తీసుకోలేదు. "పెళ్ల ఎండింది. పొద్దున చూశాను, రాయిలా ఉంది" అన్నాడు.

నేను సుత్తి కింద పెట్టాను.

"ఒక్కటి అడుగుతాను. నిజం చెప్పు. నేను వీపు తిప్పి ఉన్నాను, చూళ్ళేదు. మాటలన్నీ అన్నావా?"

ఆయన మొహం చూశాను. అలాంటి మొహం ఎవరికీ రాకూడదు. అన్నాను, అన్నీ అన్నాను అని చెబితే ఏమవుతుంది? మాటలు సరిగ్గానే పడ్డాయి, అడుగు సరిగ్గానే తిరిగింది, అయినా పనిచెయ్యలేదు. అంటే ఎప్పుడూ పనిచెయ్యలేదు. నలభై ఏళ్ళు వానలో చలిలో ఊరూరా తిరిగి చేసిందంతా మట్టి. చేతిలో కత్తి పట్టుకున్నవాడు కొయ్యనివ్వమని బతిమాలుతుంటే అడ్డుపడి, తన పిల్లను తానే చంపుకున్నాడు. డెబ్భై ఏళ్ళ వయసులో ఆ గుడిసెకు తిరిగి వెళ్ళి, ఈ ఆలోచనతో ఒక్కడే కూర్చోవాలి.

"ఒకటి వదిలేశాను, దొన్ సెవేరో" అన్నాను.

"ఏది?"

"మూడోది. గుర్తు రాలేదు. దాటేసి నాలుగోది అనేశాను."

ఒక అడుగు దగ్గరికొచ్చాడు. "చెప్పలేదే."

"సిగ్గేసింది."

ఆయన నడుం మెల్లగా నిటారైంది. కళ్ళల్లోకి కోపం వచ్చింది. ఆ కోపం చూసి నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. "గుడ్ ఫ్రైడే నాడు ఇచ్చానురా నీకు" అన్నాడు. "మూడుసార్లు చెప్పించాను. నా గుర్రాన్ని చంపావు, ఒరోస్మాన్ తెచేరా." అప్పటిదాకా నన్ను పేరు పెట్టి పిలిచి ఎరుగడు. వెనక్కి తిరిగి, వచ్చినప్పటికంటే వేగంగా నడిచి వెళ్ళిపోయాడు.

లోపల నుంచి అంతా విన్న ఎల్బియా గరిటె పట్టుకునే బయటికొచ్చింది. "అబద్ధం కదూ?"

"నీకెందుకు?"

"నా మొగుణ్ణి నాకు తెలీదా? నేర్చుకున్నది మర్చిపోయే మనిషివా నువ్వు? పోయి చెప్పు ఆయనతో! ఊరంతా నీ మొహాన ఉమ్మేస్తుంది!"

"ఉమ్మనీ. నీకు నా మీద ఒట్టు, నోరు విప్పావంటే." నువ్వుగింజ నానని ఆ నోరు ఈ ఒక్కదాన్ని దాచింది, మెచ్చుకోవాలి.

ఊరు నిజంగానే ఉమ్మింది. కొట్టు దగ్గర నేను వస్తే దొన్ సెవేరో లేచిపోయేవాడు. ఎస్టేట్ వాళ్ళు ఆయనకొక ఆడగుర్రాన్ని ఇచ్చారు. దానికి నాడా ఊడితే నా వాకిటి ముందు నుంచే మేలో పట్నం దాకా తీసుకెళ్ళి కొట్టించేవాడు. అడుగులు తిరగెయ్యడం మానలేదు. నేను దొంగచాటుగా ఒక పని చేసేవాణ్ణి. ఫలానావాళ్ళు ఆయనకు కబురు పెట్టారని తెలియగానే ముందే వెళ్ళి, "ఇనుము తరువాత తగలకూడదు గానీ ముందు తగలొచ్చు" అని నా సొంత నియమం ఒకటి చెప్పి, గిట్ట కోసి శుభ్రం చేసి, నేను వచ్చానని చెప్పొద్దని ఒట్టు వేయించుకుని వచ్చేవాణ్ణి. ఆయన గిట్ట ఎత్తి చూసే రకం కాదు. ఆ నాలుగేళ్ళలో దొన్ సెవేరో చెయ్యి ముందెన్నడూ లేనంత పేరు తెచ్చుకుంది. "చూశారా, మాటలు సరిగ్గా అంటే ఎలా ఉంటుందో" అనేవాడట. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా చచ్చేంత ఏడుపూ వచ్చేది, నవ్వూ వచ్చేది.

నాలుగో ఏడు మే నెలలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు. మంచం పట్టాక ఎల్బియా నాకు చెప్పకుండా సూపు తీసుకుని వెళ్ళింది. నిజం చెప్పేద్దామనే వెళ్ళిందట. ఆయన సూపు తాగి, "పాపం నువ్వేం చేశావు తల్లీ, మర్చిపోయినవాడు వాడు" అన్నాడట. ఆ మొహం చూశాక నోరు రాలేదని, దారంతా ఏడ్చుకుంటూ వచ్చింది. చివరి రోజున ఎస్టేట్ మేనేజరును పిలిచి ఒక్క కోరిక చెప్పాడు, ఒరోస్మాన్ చెయ్యి నా శవపెట్టెకు తగలకూడదని.

శ్మశానం గట్టు మీద ఉంది. ఆ రోజు కూడా బురదే. పెట్టెకు ఆరు పిడులున్నాయి, మోయగలిగినవాళ్ళు అయిదుగురే వచ్చారు. మిగతా అందరూ ముసలివాళ్ళు, ఆడవాళ్ళు. గట్టు ఎక్కుతుంటే వెనక ఎడమవైపు కిందికి వాలిపోతోంది. మేనేజరు ఆగి, నా వైపు చూసి, "అయిందేదో అయింది, రావయ్యా, ఒక చెయ్యి వెయ్యి" అన్నాడు. ఎల్బియా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను టోపీ చేత్తో పట్టుకుని దారి పక్కకు తప్పుకున్నాను. ఆ పెట్టె అలా ఒక పక్కకు ఒరుగుతూనే పైకి పోయింది.